పగటి ముహూర్తాలు

మా ఇంట్లో రాత్రి ముహూర్తాలకి పెళ్లిళ్లు చెయ్యరు. ఊళ్లో మిగతా పెళ్లిళ్లన్నీ అర్ధరాత్రి దాటాక, నిద్రకళ్లతో, తలంబ్రాలు ఎవరి నెత్తిన పడుతున్నాయో తెలియకుండా జరిగిపోయేవి. మాకు మాత్రం సూర్యుడు నడినెత్తిన ఉండగానే మూడు ముళ్లూ పడాలి. పంతులుగారు పంచాంగం తిరగేసి తిరగేసి విసుక్కున్నా సరే, మా తాతయ్య పట్టు విడిచేవాడు కాదట. ఆయన పెట్టిన ఆచారం ఇంకొకటి కూడా ఉంది. సంధ్యదీపం పెట్టాక ఇంట్లోవాళ్లు ఎవరూ గడప దాటకూడదు. అన్నాలు కూడా వెలుగుండగానే కానిచ్చేసేవాళ్లం.

దీపం పెట్టాక ఇంట్లో తిరిగేటప్పుడు అందరం గోడ మీద చెయ్యి ఆనించి నడిచేవాళ్లం. ఎవరూ నేర్పలేదు, పెద్దవాళ్లని చూసి పిల్లలకి అబ్బింది. వసారా పొడుగునా గోడకి నడుం ఎత్తున జిడ్డు చార ఒకటి ఉండేది. సున్నం వేస్తే పోయేది, ఏడాది తిరక్కుండా మళ్లీ వచ్చేది. ఊళ్లోవాళ్లు మమ్మల్ని నిష్ఠాపరులనేవాళ్లు. పొగుడుతుంటే ఎవరు మాత్రం కాదంటారు? మేమూ అదే అనుకున్నాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రెండువేల సంవత్సరంలో నా పెళ్లి మాట వచ్చినప్పుడు అమ్మ మొదట అడిగింది పగటి ముహూర్తమే.

అప్పుడు నేను సిడ్నీలో, గిరావీన్‌లో, అన్నయ్య ఫ్లాట్‌లో ఉండేదాన్ని. తేదీలు రెండువేలలోకి మారగానే కంప్యూటర్లన్నీ కుప్పకూలిపోతాయని ఏడాది పొడుగునా జీతాలు తీసుకుని, తీరా ఏమీ కూలకపోయేసరికి బిక్కమొహం వేసిన జాతి మాది. అన్నయ్య ప్రోగ్రాములు సరిచేసేవాడు, నేను ఇంకో కంపెనీలో అలా సరిచేసినవి పనిచేస్తున్నాయో లేదో చూసేదాన్ని. జనవరి వచ్చాక మా చుట్టుపక్కల తెలుగువాళ్లలో సగంమంది కొత్త కాంట్రాక్టుల వేటలో పడ్డారు. మా ఇద్దరికీ మాత్రం పని ఉంది. దేవుడి దయ అనుకున్నాం.

పెళ్లికొడుకు మా బావే. అమ్మకి స్వయానా అన్నకొడుకు. పెర్త్‌లో ఉండేవాడు, గనుల కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని. నాకు బావంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. సిగ్గెందుకు, చాలా ఇష్టం. ఆదివారం ఫోన్ చేస్తే గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లం, కార్డులో డబ్బులు అయిపోయి గొంతు మధ్యలో తెగిపోయేదాకా. మా ఇంట్లో మేనరికం కొత్తేం కాదు. అమ్మ సొంత మేనమామనే చేసుకుంది. తాతయ్యదీ మేనరికమే. ఆస్తి బయటికి పోదు, ఆచారం తెలిసిన పిల్ల వస్తుంది అనేవాళ్లు. ఈస్టర్ సెలవులు అయ్యేలోపు నా నోటితో 'సరే' అంటే తాంబూలాలు పుచ్చుకుంటామని అమ్మ కబురు పెట్టింది.

అడ్డం పడింది అన్నయ్య ఒక్కడే.

"బావ వద్దు," అన్నాడు ఒకరోజు, వంటింట్లో కుక్కర్ మూత పెడుతూ.

"ఏం? ఏం పాపం చేశాడు?"

"ఏం చెయ్యలేదు. మంచోడే. నువ్వు చేసుకోవద్దు, అంతే."

"కారణం చెప్పు మరి."

"చెప్తా. ఇప్పుడు కాదు."

నాకు ఒళ్లు మండిపోయింది. కారణం లేకుండా కాదనే హక్కు నాన్నకే ఇవ్వనిదాన్ని, అన్నయ్యకి ఇస్తానా? రెండు రోజులు మాట్లాడలేదు. సాంబార్లో ఉప్పు కూడా వెయ్యలేదు, తిక్క కుదిరితే కుదిరిందని. అన్నయ్య నోరెత్తకుండా తినేశాడు. అప్పుడు వేసింది నాకు మొదటిసారి భయం. వంకపెట్టకుండా తినే మనిషి కాడు.

భయానికి ఇంకా కొన్ని తోడయ్యాయి. ఇంట్లో అందరిలోకీ ఆచారాలని వెక్కిరించేది అన్నయ్యే. రాహుకాలం చూసుకుని ఇంటర్వ్యూకి వెళ్లినవాళ్ల మీద జోకులేసేవాడు. అలాంటివాడు కొన్ని నెలలుగా పొద్దు గుంకేసరికి ఇంట్లో ఉంటున్నాడు. ఆఫీసులో అడిగి పొద్దుటి షిఫ్ట్‌కి మార్పించుకున్నాడు. ఫ్రెండ్స్ శనివారం సాయంత్రం బార్బెక్యూకి పిలిస్తే, "ఆర్వో అయితే వస్తా, మధ్యాహ్నం పెట్టుకోండి, ఈవెనింగ్ కుదరదు," అనేవాడు. "ఏంట్రా, తాతయ్య పూనాడా?" అని నేను ఏడిపిస్తే నవ్వేవాడు కాదు. హాల్లో దీపాలన్నీ వేసి కూర్చునేవాడు. కరెంటు బిల్లు నీ మామగారు కడతాడా అంటే కూడా నవ్వేవాడు కాదు.

ఈస్టర్‌కి వారం ముందు, "నూమియా వెళ్దామా?" అన్నాడు ఉన్నట్టుండి.

నూమియా అంటే సిడ్నీకి తూర్పున సముద్రంలో ఉన్న ఫ్రెంచివాళ్ల ద్వీపంలో పెద్ద పట్నం. విమానమెక్కి కునుకు తీసేలోపు దిగుతాం. అక్కడి నికెల్ గనుల వాళ్ల కంప్యూటర్లు బాగుచెయ్యడానికి అన్నయ్య కిందటేడు చాలాసార్లు వెళ్లొచ్చాడు. ఖైదీలు కట్టిన చర్చి, పాత రాతి వీధులు, ఎవరికీ ఇంగ్లీషు రాని బజారు అని కథలు కథలుగా చెప్పేవాడు.

"ఎందుకు?"

"ఊరికే. నిన్నెప్పుడూ ఎక్కడికీ తీసుకెళ్లలేదు కదా. అక్కడ కారు తీసుకుందాం. నేను తిప్పుతా."

"బావ సంగతి అక్కడ చెప్తావా?"

"అక్కడ చెప్తా."

సరే అన్నాను. మనసులో మాత్రం వంద ఊహలు. బావకి ఇంకెవరైనా ఉన్నారేమో. తాగుతాడేమో. జబ్బేమో. విమానంలో కిటికీ పక్కన కూర్చుని కింద నీలం నీళ్లు చూస్తూ, ఏది విన్నా ఏడవకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను.

ఎయిర్‌పోర్టు పట్నానికి దూరంగా ఉంది. అక్కడ కారు తీసుకున్నాం. చిన్నది, తెల్లది. నేను అలవాటుగా ఎడమ తలుపు తీసి కూర్చునేసరికి స్టీరింగ్ నా ఒళ్లోకి వచ్చింది. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి కదా, అంతా తిరగేసినట్టు ఉంటుంది. కారిచ్చిన అమ్మాయి పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. అన్నయ్య మాత్రం ఆకాశం వైపు చూస్తున్నాడు.

"పద, పద. పొద్దుండగానే చేరిపోవాలి."

"ఇంకా బోలెడు పొద్దుంది."

"ఇక్కడ తొందరగా చీకటి పడుతుంది."

రోడ్డుకి అటూ ఇటూ ఎండిపోయిన మైదానం. సిడ్నీలో చూసే తెల్ల బెరడు చెట్లే, కానీ పొట్టిగా, వంకరగా ఉన్నాయి. వెనక కొండలు. వాటి పైభాగమంతా తవ్వేసి ఎర్రగా ఉంది, చర్మం లేచిపోయిన మోకాలిలా. ఒకచోట దారి పక్కన గుడ్డ పరిచి కొబ్బరిబోండాలు అమ్ముతున్నారు.

"ఆపు ఆపు, బోండాం తాగుదాం."

ఆపలేదు.

"ఓరి నాయనో, సూర్యుడేమైనా నీ బాకీదారా, పారిపోతాడని వెంట పడుతున్నావ్?"

"రేపు తాగుదువుగానిలే."

స్టీరింగ్‌ని రెండు చేతులతో అంత గట్టిగా పట్టుకోవడం ఎప్పుడూ చూడలేదు. మెడ నిలబెట్టి తిన్నగా ముందుకే చూస్తున్నాడు. దారి కుడివైపుకి వంగిన ప్రతిచోటా బండి రోడ్డు అంచు దిగి మళ్లీ ఎక్కుతోంది. అలవాటు లేని వైపు కదా అనుకున్నాను. అయినా మనసెందుకో కుదురుగా లేదు. రేడియోలో ఒక ఆడమనిషి ఫ్రెంచిలో చదువుతున్నది వార్తలో, చావు కబుర్లో అర్థం కాక కట్టేశాను.

ఊరి శివార్లలో, ఇళ్లు మొదలయ్యేచోట జరిగింది. కుడిపక్కన గట్టు మీద ఒక ముసలావిడ నడిచి వస్తోంది. ఎర్రపూల వదులు గౌను, నెత్తిన దుంపల బుట్ట. చాలా దూరం నుంచే నాకు కనిపిస్తోంది. ఆవిడ రోడ్డు దాటడానికి ఒక అడుగు వేసింది. అన్నయ్య వేగం తగ్గించలేదు. హారన్ కొట్టలేదు.

"అన్నయ్యా!"

బండి కీచుమని ఆగింది. బంపర్ ఆవిడ గౌనుకి తగిలిందో లేదో. బుట్ట ఒక చేత్తో పట్టుకుని, అద్దంలోంచి అన్నయ్య మొహం వైపు అలా చూస్తూ నిలబడింది. తర్వాత మెల్లగా దాటి వెళ్లిపోయింది.

"ఎక్కణ్ణుంచొచ్చింది?" అన్నాడు అన్నయ్య.

"ఆకాశంలోంచి ఊడిపడిందా! అంతసేపటి నుంచీ నడుస్తూనే ఉంది కదా. కళ్లు ఎక్కడ పెట్టుకున్నావ్?"

అన్నయ్య అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "నువ్వు కుడివైపు చూస్తూ ఉండు. ఎవరొచ్చినా చెప్పు," అన్నాడు.

అక్కణ్ణుంచి పట్నం దాకా నేనే చెప్పాను. కుక్క. సైకిలు. ఇద్దరు పిల్లలు. ఆగిన ట్రక్కు. మొదట వెటకారంగానే చెప్పాను. సగం దూరం వెళ్లేసరికి వెటకారం పోయింది. ఊరి మొదట్లోనే నికెల్ కరిగించే ఫ్యాక్టరీ ఉంది. దాని పొగ నీళ్ల మీదుగా ఊరి మీదికి వంగి ఉంది. ఆ పొగ కిందుగా మేం లోపలికి వెళ్లాం.

హోటల్లో సామాను పడేసి నేను మంచం మీద వాలిపోయాను. అన్నయ్య కిటికీ దగ్గర నిలబడి పొద్దు దిగడం చూశాడు. "పద, చర్చి దగ్గరికి నడుద్దాం," అన్నాడు.

నేను లేచి కూర్చున్నాను. "ఇప్పుడా? నువ్వా? చీకటి పడబోతోంది."

"అందుకే."

చర్చి గుట్ట మీద ఉంది. ఖైదీలు కొట్టిన రాయి, రెండు బురుజులు, కిందికి పొడుగ్గా రాతి మెట్లు. మెట్ల పక్కన పాత గోడ. ఎక్కేటప్పుడు ఇంకా వెలుగుంది. పైకి చేరి, పిట్టగోడ మీద కూర్చునేసరికి ఎవరో గుడ్డ కప్పేసినట్టు చీకటి పడింది. కింద వీధుల్లో దీపాలు వెలిగాయి. గుట్ట మీద లేవు. వెలుగుండగానే చూశాను, మాకు కాస్త దూరంలో ఒక జంట గోడ మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఇప్పుడు ఆ అమ్మాయి ఏవేవో చెబుతున్న గొంతు, అతని నవ్వు వినిపిస్తున్నాయి.

"చెప్పు మరి," అన్నాను. "బావకేంటి?"

"బావక్కాదు. నాకు."

అన్నయ్య మెల్లగా చెప్పాడు. జనవరిలో ఒకరాత్రి ఆఫీసు నుంచి డ్రైవ్ చేసుకుంటూ వస్తుంటే కారు పేవ్‌మెంట్ ఎక్కేసిందట. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడట. చుక్కల మందు వేసి, చీకటి గదిలో కూర్చోబెట్టి, ఏవో దీపాలు చూపించి చూశారట. రేచీకటితో మొదలవుతుందట. తర్వాత చూపు పక్కల నుంచి మూసుకుంటూ వస్తుందట. చివరికి మధ్యలో గొట్టంలోంచి చూసినంత మిగులుతుంది, ఒక్కోసారి అదీ పోతుందట. మందు లేదు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "మీ అమ్మానాన్నలు బంధువులా?"

"లెక్కేసి చూడవే," అన్నాడు. "తాతయ్య దీపం పెట్టాక ఎందుకు గడప దాటలేదు? మన పెళ్లిళ్లన్నీ పగలే ఎందుకు? వసారా గోడకి ఆ జిడ్డు చారేంటి? నిష్ఠ కాదే. మనవాళ్లకి కనపళ్లేదు. ఆయన సిగ్గుపడి, కనపడదని చెప్పలేక దానికి ఆచారమని పేరు పెట్టాడు. మనం ఇంట్లో ఇంట్లో చేసుకుంటూ దాన్ని జాగ్రత్తగా కాపాడుకున్నాం."

నాకు కోపమే వచ్చింది.

"మరి తెలిసుండీ నన్నెందుకు కార్లో ఎక్కించావ్? ఆ ముసలావిడ చచ్చిపోయుంటే? చంపుదామనా అందర్నీ? బుద్ధుందా నీకు?"

"లేదు," అన్నాడు. "లైసెన్స్ ఇచ్చేయమన్నారు. సెలవులయ్యాక ఇచ్చేస్తా. ఒక్కసారి నిన్ను పక్కన కూచోబెట్టుకుని నేనే తిప్పాలనిపించింది. పగలైతే ఫర్వాలేదనుకున్నా. తప్పే. రేపు బస్సులో పోదాం."

నేను ఏడవకూడదని ఒట్టు పెట్టుకున్నాను కదా, ఏడ్చాను. అన్నయ్య కారు నేర్పిస్తూ నా నెత్తిన మొట్టిన మొట్టికాయలు గుర్తొచ్చి ఏడ్చాను. బావ గుర్తొచ్చి ఇంకా ఏడ్చాను. బావ కూడా సాయంత్రం క్రికెట్ ఎప్పుడూ ఆడలేదు. ఆదివారం ఫోన్లు కూడా నాకు వీలైనప్పుడు కాదు, తనకి వెలుగుండగానే చేసేవాడు. ఫోన్ డబ్బా నుంచి ఇంటికి నడిచి వెళ్లాలిగా మరి అనేవాడు. ఏనాడూ ఆలోచించలేదు.

"చూడు," అన్నాడు అన్నయ్య నేను ముక్కు తుడుచుకున్నాక. "నిన్ను ఇంత దూరం తెచ్చింది చెప్పడానికొక్కదానికే కాదు. గిరావీన్‌లో అన్నీ లైట్లే, తెలీదు. పైకి చూసి చెప్పు. ఏం కనిపిస్తోంది?"

"ఏముంటుంది, చుక్కలు."

"ఎన్ని?"

"అదిగో, అక్కడొకటి పెద్దది. ఆ పక్కన ఒకటి. ఈ మూలన ఇంకోటి. అంతే. మబ్బు పట్టింది కదా."

అన్నయ్య నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

"మబ్బేగా?" అన్నాను. నేను దిగి, ఆ జంట ఉన్న వైపు నడిచాను. గోడ మీద చెయ్యి ఆనించే నడిచాను. వాళ్లని ఇంగ్లీషులో అడిగాను, ఇవాళ ఇక్కడ మబ్బుగా ఉందా అని. ఆ అమ్మాయి నవ్వింది. వచ్చీరాని ఇంగ్లీషులో, లేదు లేదు, చాలా బాగుంది, ఆకాశం నిండిపోయింది, చూడండి అంది. చెయ్యి ఈ చివర నుంచి ఆ చివరికి పరిచి చూపించింది.

నేను చూశాను. మూడే ఉన్నాయి.

మా ఇంట్లో ఎవరం ఆకాశం కేసి చూసిన వాళ్లం కాదు. దీపం పెట్టాక బయటికే వచ్చేవాళ్లం కాదు. చుక్కలంటే అన్నే ఉంటాయని, మిగతావాళ్లు ముచ్చటకి ఎక్కువ చేసి చెబుతారని అనుకుంటూ ఇరవై ఆరేళ్లు పెరిగాను.

మెట్లు దిగాక, వీధి మూల దీపం కింద టెలిఫోన్ డబ్బా ఉంది. కార్డు కొని అమ్మకి చేశాను. అక్కడ మిట్టమధ్యాహ్నం. వెనక మిక్సీ తిరుగుతున్న చప్పుడు.

"ఏమే, ఏమనుకున్నావ్? పంతులుగారు పగటి ముహూర్తం ఒకటి చూసి ఉంచారు, శ్రావణంలో."

"అమ్మా, బావ వద్దు."

అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. కారణం అడిగితే అన్నయ్య సంగతి ఎలా చెప్పాలా అని మాటలు కూడబలుక్కుంటున్నాను. మిక్సీ ఆగింది.

"అక్కడ పొద్దు పోయిందా?" అంది.

"పోయిందమ్మా."

"అన్నయ్య పక్కనున్నాడా?"

"ఉన్నాడు."

"నీకు కనపడుతోందా, తల్లీ?"

అన్నయ్య గురించి అడగలేదు. బావ గురించి అడగలేదు. నా గురించే అడిగింది. ఎన్నేళ్ల నుంచి నాలుక చివర పెట్టుకుని కూర్చుందో ఆ ప్రశ్న. డబ్బా అద్దానికి అవతల అన్నయ్య నిలబడి ఉన్నాడు, దీపం వెలుతురు మొహం మీద పడుతోంది కాబట్టి వాడొక్కడే నాకు కనిపిస్తున్నాడు. వాడి వెనక ఊరే లేదు.

"కనపడుతోందమ్మా," అన్నాను. "అంతా కనపడుతోంది."

"చల్లగా ఉండు," అంది అమ్మ. పెట్టేసింది.

డబ్బాలోంచి బయటికి వచ్చాను. హోటలు రెండు వీధుల అవతల. అన్నయ్య నా చెయ్యి అందుకున్నాడు. రెండో చెయ్యి ఆ పాత రాతిగోడ మీద పెట్టాడు. నేను నా వేళ్లు అన్నయ్య వేళ్ల పక్కనే, నడుం ఎత్తున, గోడకి ఆనించాను. ఇద్దరం మెల్లగా నడిచాం.